లూథరు సంప్రదాయ పఠనగానము – బరోకు పవిత్రసంగీతమున దాని వినియోగము

పాశ్చాత్య సంగీతచరిత్రకారులు లూథరు మతసంస్కరణమును ప్రసంగించునపుడు సాధారణముగా ఒక్క విషయమునే ప్రధానముగా గ్రహింతురు. ప్రార్థనకు వచ్చిన జనసామాన్యము తమ భాషలో తామే పాడుకొనదగిన సంఘకీర్తనలను లూథరు ప్రవర్తింపజేసెననియు, కొరాల్ అని పేరుగన్న ఆ కీర్తనలే నూఱు, రెండు నూఱుల యేండ్ల పిమ్మట షూత్స్, బాఖ్ మొదలగు మహానుభావుల కృతులకు బీజములైనవనియు వారు చెప్పుదురు. ఈ మాట అసత్యము కాదు, అర్ధసత్యము. కీర్తనతోపాటు లూథరు సంఘములు మఱియొక గానమునుగూడ నిలుపుకొనినవి. అది రోమకసంఘమునుండి సంక్రమించిన పఠనగానము. దానికి చరణములు లేవు, ఛందస్సు లేదు, తాళము లేదు. వాక్యమును ఒకే స్వరముపై నిలిపి చదువుచు, విరామస్థానములయందు మాత్రము నియతమైన కొన్ని స్వరగతులతో ముగించుట దాని పద్ధతి. కీర్తన పద్యమునకు చెందినది. పఠనగానము గద్యమునకు చెందినది. మన దేశమున త్యాగరాజకీర్తనకును, ఉదాత్తానుదాత్తస్వరితములతో చేయు వేదపఠనమునకును ఎంత దూరమున్నదో కొరాలునకును పఠనగానమునకును ఇంచుమించుగా అంత దూరమున్నది.

ఈ రెండవ గానము బరోకు యుగపు పవిత్రసంగీతమున, అనగా సుమారు 1600 మొదలు 1750 వఱకు వెలసిన కృతులలో, ఏ పని చేసినదను ప్రశ్నయే ప్రస్తుతవ్యాసమునకు విషయము. అది పాతసంప్రదాయపు శేషమని, సంస్కరణము తుడిచివేయజాలక మిగిల్చిన రోమకచిహ్నమని కొందఱి తలంపు. స్వరకల్పనాచాతుర్యమును చూపుటకు పునాదిరాయిగా మాత్రము అది ఉపకరించినదని మఱికొందఱి తలంపు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. ఒక వాచకము ఒక స్వరగతితో తరతరములుగా కూడియుండుటచేత, వాచకము వినబడకున్నను స్వరగతియే దానిని స్ఫురింపజేయు శక్తిని సంపాదించెననియు, ఆ శక్తిని ఎఱిగి వాడుకొనుటయందే షూత్స్, బాఖుల ప్రతిభలో ఒక ముఖ్యభాగమున్నదనియు మా అభిప్రాయము. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, పఠనగానము వారి చేతిలో ధ్వనికి ఆశ్రయమైనది.

ముందుగా లూథరు ఏమి చేసెనో, ఏమి చేయలేదో చూడవలెను. 1523లో అతడు వెలువరించిన ఆరాధనక్రమము లాటిను భాషలోనిదే. జర్మను భాషలో ఆరాధన నడుపుటకు అతడు త్వరపడలేదు. అప్పటికే ఇతరులు కొందఱు లాటిను పాఠమును జర్మనునకు మార్చి, పాతస్వరములకే దానిని అతికించి పాడుచుండిరి. లూథరు దానికి సంతోషింపలేదు. 1525లో ప్రకటించిన ఒక వాదగ్రంథమున ఆ పద్ధతి తనకు రుచింపదని స్పష్టముగా వ్రాసెను. పాఠము, స్వరము, ఊనిక, పలుకుబడి, నడక, ఇవన్నియు నిజమైన మాతృభాషనుండియే పుట్టవలెననియు, అట్లు కానిచో అది కోతులు చేయు అనుకరణమగుననియు అతని వాదము. మతవివాదముల నడుమ వెలువడిన ఈ మాటను భాషాశాస్త్రజ్ఞులుగూడ శ్రద్ధతో గమనింపదగును. భాష మాఱినపుడు గానమును మాఱక తప్పదని చెప్పుట, గానమునకు మూలము స్వరశాస్త్రమున గాక ఉచ్చారణమున నున్నదని చెప్పుటయే.

ఇది వట్టి అభిమానవాక్యము కాదు; దీనికి వ్యాకరణబలమున్నది. లాటినున రెండు గాని అంతకెక్కువ గాని అక్షరములు గల పదమునందు ఊనిక తుదియక్షరముపై పడదు. కావుననే లాటిను పఠనస్వరముల ముగింపులు ఊనికగల అక్షరముపై నొక్కి, ఊనికలేని అక్షరముపై మెల్లగా దిగునట్లు రూపొందినవి. జర్మను వాక్యము ఊనికగల ఏకాక్షరపదముతో ముగియుట సర్వసాధారణము. పాత స్వరగతిని అట్టి వాక్యమునకు తగిలించినచో బలముగా పలుకవలసిన మాట నేలబడిపోవును. విభక్తిప్రత్యయము వంటి దుర్బలాక్షరము గోపురమెక్కును. తెనుగుపాటలో గురువుండవలసినచోట లఘువును సాగదీసి పాడినప్పుడు మనకు కలుగు చికాకు ఎట్టిదో లూథరు చెవికి కలిగిన చికాకు అట్టిది.

కావుననే 1525లో అతడు కాన్రాడ్ రుప్ష్, యోహాన్ వాల్టర్ అను ఇద్దఱు సంగీతజ్ఞులను విట్టెన్‌బర్గునకు పిలిపించి, వారితో చర్చించి, జర్మను పఠనస్వరములను నిర్ణయించెను. వాల్టర్ చెప్పిన జ్ఞాపకములను మిఖాయెల్ ప్రెటోరియుస్ తన సంగీతలక్షణగ్రంథమున భద్రపఱచినాడు. పత్రికాపఠనమునకు ఎనిమిదవ స్వరమును, సువార్తపఠనమునకు ఆఱవ స్వరమును లూథరే నియమించెనట. పౌలు గంభీరుడైన అపొస్తలుడు గనుక అతని పత్రికలకు ఎనిమిదవది. క్రీస్తు దయగల ప్రభువు, అతని పలుకులు మధురములు గనుక సువార్తకు ఆఱవది. రాగమునకును రసమునకును గల సంబంధమును ఇంత నిస్సంకోచముగా ఆచరణలో పెట్టిన మతాచార్యులు పాశ్చాత్యులలో అరుదు. 1525 అక్టోబరు 29న ఈ జర్మను ఆరాధన విట్టెన్‌బర్గున జరిగెను. మరుసటి యేడు గ్రంథము అచ్చుపడెను. అందలి స్వరములలో దీర్ఘాలాపములు లేవు. అక్షరమున కొక్క స్వరము. స్వరము పలుకునకు వాహనము.

ఐనను లాటిను పఠనగానమును అతడు వెడలగొట్టలేదు. లాటిను నేర్పు పాఠశాలలున్న పట్టణములలో అది కొనసాగవలెననియే అతని యభిమతము. 1553లో లూకాస్ లోసియుస్ కూర్చిన లాటిను గానసంపుటము లూథరు సంఘముల కొఱకు కూర్చినదే. 1682లో గాట్‌ఫ్రీడ్ వొపేలియుస్ లైప్‌జిగులో ప్రకటించిన గానగ్రంథమున జర్మను కీర్తనలు, లాటిను పఠనస్వరములు, శ్రమచరిత్రపఠనములు ప్రక్కప్రక్కనే యున్నవి. బాఖ్ 1723లో లైప్‌జిగునకు వచ్చునప్పటికి ఈ గానసంపద యంతయు అచటి సంఘముల వాడుకలో నుండెను. రెండు భాషలు, రెండు గానములు ఒకే దేవాలయమున నుండుట తర్వాతి విషయమునకు మూలము గనుక దీనిని పాఠకులు మనస్సున నుంచుకొనగోరెదము.

ప్రసంగవశమున ఒక మాట. లూథరు సంఘమువారి బోధ మన ఆంధ్రదేశమునకు 1842లో హైయరు గుంటూరునకు వచ్చుటతో ఆరంభమైనది. కాని లూథరు చెప్పిన మాతృభాషాగానసూత్రమును తెనుగున సార్థకము చేసినవారిలో అగ్రగణ్యుడు లూథరు సంఘీయుడు కాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు క్రైస్తవకీర్తనలను కర్ణాటకరాగములలో, దేశితాళములలో రచించిరి. లూథరు రోమకస్వరమును దిద్ది జర్మను చేసెను. మనవారు పరస్వరమును దిద్దుటకు పూనక, తమ స్వరమునే తెచ్చుకొనిరి. సూత్రమొక్కటే, నిర్వాహము వేఱు. దీనిపై ప్రత్యేకపరిశోధన జరుగవలసియున్నది. ఇచట ఇంతటితో విరమింతుము.

పఠనగానము యొక్క నాటకశక్తి ప్రధానముగా క్రీస్తు శ్రమచరిత్రను చదువుటలో వెల్లడియగును. మధ్యయుగమునుండి వచ్చిన ఏర్పాటు మిక్కిలి సరళమైనది. క్రీస్తు మాటలు మంద్రమున ఒక స్వరముపై చదువబడును. దానిని షడ్జమనుకొన్నచో, కథ చెప్పు సువార్తికుని స్వరము దాని పంచమము. పిలాతు, పేతురు, గుంపు మొదలగు తక్కినవారి స్వరము పై షడ్జము. వేషములు లేవు, రంగము లేదు, అభినయము లేదు. స్వరస్థానమొక్కటియే పాత్రను పరిచయము చేయును. వాల్టర్ ఈ ఏర్పాటునే జర్మను పాఠమునకు తగునట్లు దిద్ది, గుంపుకేకలను మాత్రము నాలుగు కంఠముల సరళమేళనముగా కూర్చెను. ఆ విధమైన పఠనము లైప్‌జిగున మట్టల ఆదివారమున మత్తయి ననుసరించియు, శుభశుక్రవారమున యోహాను ననుసరించియు బాఖ్ కాలమునందును ఉదయారాధనలో జరుగుచుండెను. 1724 ఏప్రిల్ 7న, శుభశుక్రవారపు సాయంకాలారాధనలో, బాఖ్ రచించిన యోహాను శ్రమచరిత్రను మొదటిసారి విన్నవారిలో పెక్కుమంది ఆ యుదయముననే అదే సువార్తభాగమును ఏకస్వరపఠనముగా వినియుందురు. సువార్తికునకు మధ్యకంఠము, క్రీస్తునకు మంద్రకంఠము అను బాఖ్ విభాగము అతని కల్పనము కాదు. అది ఉదయపు పఠనము సాయంకాలమునకు ఇచ్చిన వారసత్వము.

ఈ విషయమున హైన్రిఖ్ షూత్స్ జీవితము మనకు ఒక ప్రయోగశాల వంటిది. 1585లో జన్మించి, 1609 మొదలు కొన్నేండ్లు వెనిసు నగరమున జొవాన్ని గాబ్రియేలి యొద్ద శిక్షపొంది, డ్రెస్డెను ఆస్థానమున సంగీతాధిపతియై, 1672లో మరణించిన ఈ మహానుభావుడు పఠనగానముతో ముమ్మాఱు తలపడెను. మొదట 1623లో పునరుత్థానచరిత్రను రచించినపుడు, డ్రెస్డెనులో తనకు ముందున్న స్కాండెల్లో వాడిన పునరుత్థానపఠనస్వరమునే సువార్తికునకు ఇచ్చి, దానికి నాలుగు వయోలా ద గాంబాల సహకారము చేర్చెను. పఠనము ఒకే స్వరముపై నిలిచియున్నంతసేపు వాద్యకారులలో నొకడు మనోధర్మమున స్వరములల్లుచుండవచ్చునని పీఠికలో సూచించెను. గాయకుడు కదలడు, వాద్యము కదలును. ప్రాచీనమును నవీనమును ఒండొంటిని చెఱుపక ఒకే కాలమున వినబడుటకు ఇంతకంటె చక్కని ఉపాయము మఱియొకటి యున్నదా యని మాకు సందేహము.

రెండవమాఱు 1664లో. క్రీస్తు జననచరిత్రలో అతడు పాత స్వరమును పూర్తిగా విడిచి, ఇటలీదేశపు రెసిటటివు పద్ధతిని గ్రహించెను. ఇట్టిది జర్మనీలో అచ్చున ఇదివఱకు వెలువడలేదని ఆ ముద్రణమునందే చెప్పబడినది. క్రొత్తపద్ధతిని ఇంత సమర్థముగా చేజిక్కించుకొనినవాడు ఇక దానినే కొనసాగించునని ఎవరైనను తలంతురు. కాని ఎనుబదియేండ్ల ముదిమిలో, 1666 నాటికి, లూకా, యోహాను, మత్తయి సువార్తల ననుసరించి అతడు ముగించిన మూడు శ్రమచరిత్రలలో వాద్యమే లేదు. సువార్తికుడు ఒంటరిగా పాడును. లిపిలో స్వరస్థానములున్నవి, కాలప్రమాణములు లేవు. ఏ యక్షరమును ఎంతసేపు నిలుపవలెనో జర్మను భాషయే నిర్ణయించును. స్వరగతులు మాత్రము సంప్రదాయసిద్ధములు కావు, షూత్స్ స్వకల్పితములు. పఠనగానపు శరీరమును విడిచి దాని ప్రాణమును నిలుపుకొనినాడన్నమాట.

దీనికి కారణము డ్రెస్డెను ఆస్థాననియమమని, శ్రమవారమున వాద్యములు నిషిద్ధములు గనుక అతడు విధిలేక ఇట్లు చేసెనని చెప్పుట కలదు. నియమమున్న మాట నిజమే. కాని నియమము వాద్యములను మాత్రమే వారించినది. కాలప్రమాణములను వ్రాయవద్దని అది చెప్పలేదు. తాళబద్ధముగా, వాద్యరహితముగా వ్రాయుటకు అతనికి ఏ యడ్డును లేకుండెను. అతడు కోరియే గద్యమును గద్యముగా నిలిపినాడు. పందొమ్మిదవ శతాబ్దమున కొందఱు పరిష్కర్తలు ఈ యొంటరికంఠమును విని జాలిపడి, ఆర్గను సహకారమును కల్పించి చేర్చిరి. ఆ జాలి అనవసరము. 1885లో ఫిలిప్ స్పిట్టా షూత్స్ కృతులను యథామూలముగా ప్రకటింప నారంభించిన పిమ్మట గాని ఈ రచనల నిరాడంబరత దారిద్ర్యము కాదని లోకమునకు తెలియలేదు. జననచరిత్రలోని రెసిటటివు సువార్తికుని భావావేశమును తెల్పును; శ్రమచరిత్రలోని పఠనము సువార్తికుని మఱపించి సువార్తను తెల్పును. మాకు రెండవదే ఘనతరమని తోచుచున్నది.

ఇక బాఖ్. అతని వైమారు కాలపు పద్దెనిమిదవ సంఖ్య కాంటాటాలో పఠనగానము వేఱొక విధముగా ప్రవేశించినది. ఎర్డ్‌మన్ నోయ్‌మైస్టర్ రచించిన ఆ పాఠమునకు మూలము ఆకాశమునుండి దిగు వర్షమును హిమమును దైవవాక్యముతో పోల్చిన ప్రవక్తవచనము. దీని వాద్యమేళము విచిత్రమైనది. వయొలిన్లు లేవు, నాలుగు వయోలాలు మాత్రమున్నవి. మూడవ భాగమున మధ్యకంఠమును మంద్రకంఠమును ఒకదాని వెంట నొకటి నాటకీయమైన రెసిటటివులో వ్యక్తిగతమైన ప్రార్థనను చేయుచుండ, మధ్యమధ్య తారకంఠము ఒక్క స్వరముపై లితానీ విన్నపమును చదువును. బృందము సంప్రదాయసిద్ధమైన ప్రత్యుత్తరమును పలుకును. ఇట్లు నాలుగు పర్యాయములు జరుగును. లితానీ అనగా 1529లో లూథరు జర్మనున దిద్ది ప్రచురించిన దీర్ఘప్రార్థన. ఒకరు ఆపదలను పేర్కొనుచు పోవుదురు, సంఘము ప్రతిదానికిని ఒకే మాటతో బదులు చెప్పును.

ఇందు చమత్కారము స్వరములలో కన్న స్వరభేదములో నున్నది. రెసిటటివు పాడువాడు భయపడును, వేడుకొనును, ఆవేశమున దీర్ఘాలాపములు తీయును. అతని స్వరము అతనిది. పఠించు తారకంఠమునకు స్వంతభావము లేదు; అది ఊరంతటి స్వరము. ఆ కాలపు జర్మను కవులలో వ్యక్తిగతభక్తి ప్రబలి, ఆరాధనయే ఒకరి హృదయోచ్ఛ్వాసముగా మాఱుచుండ, బాఖ్ ఆ ఉచ్ఛ్వాసమునకు మాటిమాటికి అడ్డుకట్టగా నిర్వికారమైన పఠనమును నిలిపినాడు. వేదనపడువానిని ఓదార్చునది మఱియొక వేదన కాదు, తనకు ముందునుండియు నడచుచున్న ఒక ప్రార్థన. అయితే ఒక సత్యమును దాచరాదు. ఆ లితానీ విన్నపములలో తురుష్కులను, పోపును శత్రువులుగా పేర్కొన్న మాటలును ఉన్నవి. అవియు అదే నిర్వికారస్వరముపై చదువబడును. సంఘముయొక్క జ్ఞాపకము దాని ప్రార్థనలను భద్రపఱచినట్లే దాని ద్వేషములనుగూడ భద్రపఱచును. స్వరము పవిత్రమైనంత మాత్రమున వాచకమంతయు పవిత్రమగునని విమర్శకుడు భ్రమపడరాదు.

మా వాదమునకు ఆయువుపట్టు పథికస్వరము. దావీదు కీర్తనలను పఠించుటకు ఏర్పడిన స్వరములు ఎనిమిది. ప్రతిదానికిని వాక్యమంతటను నిలుచు ఆధారస్వరము ఒక్కటియే. ఈ తొమ్మిదవదానికి మాత్రము రెండున్నవి. వాక్యపు పూర్వార్ధము ఒక స్వరముపై నిలువగా, ఉత్తరార్ధము దానికి ఒక పూర్ణస్వరము దిగువన నిలుచును. ఇల్లు విడిచి పోయినది గనుక దీనికి లాటినున పథికుడను అర్థము గల పేరు వచ్చినది. రోమకసంఘమున ఇది ఇశ్రాయేలీయులు ఐగుప్తును విడిచి వెడలిన వృత్తాంతమును చెప్పు కీర్తనకు వాడబడుచుండెను. జర్మను లూథరు సంఘములలో ఇది మరియస్తోత్రమునకు, అనగా లూకా సువార్త మొదటి యధ్యాయమున మరియ పలికిన కృతజ్ఞతాగీతమునకు, స్థిరపడిపోయెను. జర్మనుల నోటిలో దాని యారంభమును కొంత మాఱినది. సమీపస్వరమునకు మెల్లగా ఎక్కవలసినచోట వారు షడ్జమునుండి సాధారణగాంధారమునకు ఎగిరినట్లు ఎగయుదురు. ఈ చిన్న ఎగుడువలననే ఒకమాఱు విన్నవాడు మఱల విన్నపుడు తత్క్షణమే గుర్తించును. లైప్‌జిగున పండుగదినములందు మరియస్తోత్రము లాటినున మహామేళముతో పాడబడినను, సాధారణపు ఆదివారపు సాయంకాలారాధనలో జర్మను భాషలో ఈ స్వరముననే వినబడుచుండెను. అచటి జనులకు ఇది పాట కాదు. వారమువారము తిరిగివచ్చు అలవాటు.

1723లో బాఖ్ లాటిను మరియస్తోత్రమును మహాకృతిగా రచించెను. 1733 ప్రాంతమున దానిని సవరించి, శ్రుతి మార్చి, నేడు ప్రసిద్ధమైన రూపమునకు తెచ్చెను. దేవుడు తన కనికరమును జ్ఞాపకము చేసికొని ఇశ్రాయేలునకు సాయపడెనను వచనము వచ్చునప్పటికి ట్రంపెట్లు, భేరులు, పెద్దబృందము అన్నియు ఊరకుండును. మూడు స్త్రీకంఠములు మాత్రము లాటిను వచనమును మెల్లమెల్లగా అల్లుచుండును. వాని పైని, దూరమునుండి వచ్చినట్లు, పథికస్వరము దీర్ఘస్వరములలో సాగును. మొదటి రూపమున దానిని ట్రంపెట్టు వాయించును. తర్వాతి రూపమున రెండు ఒబోలు కలసి ఏకస్వరముగా వాయించును. ఆ స్వరమును ఎవ్వరును పాడరు. దానికి మాటలు లేవు.

మరుసటి యేడు, 1724 జూలై 2న, అతడు జర్మను మరియస్తోత్రముపై పదియవ సంఖ్య కాంటాటాను వినిపించెను. ఇందు పథికస్వరము బహిరంగముగనే యున్నది. మొదటిభాగమున తారకంఠము, దాని వెనుక ఆల్టో కంఠము, ట్రంపెట్టు తోడుగా దానిని మాటలతో పాడును; చివర నాలుగు కంఠములు దానినే పాడి ముగించును. నడుమ నైదవ భాగమున ఆల్టో, టెనరు కంఠములు రెండే పాడును. అచటను పథికస్వరము కంఠములకు గాక వాద్యములకు, అనగా ఒబోలకును ట్రంపెట్టునకును, ఇయ్యబడినది. ఆ భాగపు వచనమేదియని చూచితిమా, అదియే జ్ఞాపకవచనము. లాటినున ఏ వచనమువద్ద స్వరము మూగయై వచ్చెనో జర్మనునను ఆ వచనమువద్దనే మూగయై వచ్చినది. తన తుదిదశలో, 1748 ప్రాంతమున, ఆర్గను కొఱకు అచ్చువేయించిన షూబ్లర్ కొరాళ్లు ఆఱింటిలో బాఖ్ ఈ ఐదవ భాగమునే చేర్చెను. అప్పటికి వచనమును పూర్తిగా పోయినది, స్వరమే మిగిలినది. స్తోత్రమున వచనములు పెక్కున్నవి. ఇరువదియైదేండ్లలో ముమ్మాఱు ఒక్క వచనమునే ఈ విధముగా ఏరుకొనుట కాకతాళీయమని మేము నమ్మజాలము.

ఆనందవర్ధనుడు ధ్వనిని ఘంట మ్రోగిన పిదప నిలుచు అనురణనముతో పోల్చెను. వాచ్యార్థము మ్రోత, వ్యంగ్యార్థము దాని వెనుక తేలునది. ఇచట కంఠములు పలుకు లాటిను వచనము వాచ్యము. ఒబోల స్వరము వినగానే శ్రోత మనస్సున జర్మను మాటలు తమంత తామే నడచును, అవి వ్యంగ్యము. అయితే సామాన్యధ్వనికంటె ఇందొక విశేషమున్నది. వాచ్యము దేవుడు జ్ఞాపకము చేసికొనెనని చెప్పుచున్నది. స్వరము శ్రోతచేత జ్ఞాపకము చేయించుచున్నది. అర్థమును వర్ణించుట కాదు, అర్థమును శ్రోతయందే జరిపించుట. ఆల్బర్ట్ ష్వైట్సర్ తన ప్రసిద్ధగ్రంథమున బాఖును స్వరములతో చిత్రములు గీయువానిగా నిరూపించెను. అడుగులు, అలలు, కన్నీరు, నవ్వు, వీనికి అతని స్వరములలో ఆకృతులు చూపెను. ఆ పద్ధతి అనేకస్థలముల సమంజసమే. కాని పథికస్వరము దేనికిని చిత్రము కాదు. కనికరమునకు దానిలో పోలిక లేదు. దాని శక్తి సాదృశ్యమున లేదు, సాహచర్యమున నున్నది. చిత్రవాదము ఇచట మూగపోవును.

ఇది మనకు అపరిచితమైన అనుభవము కాదు. దేవాలయమున నాదస్వరవిద్వాంసుడు త్యాగరాజకృతిని వాయించునపుడు సాహిత్యమెఱిగిన శ్రోత మనస్సులో పలుకులు వాద్యముతో నడచుచుండును. సాహిత్యమెఱుగనివానికి అది రాగము మాత్రమే. ధ్వనికి సహృదయుడు కావలెనని ఆలంకారికులు ఊరక చెప్పలేదు. లైప్‌జిగు జనునకు బాల్యమునుండి చెవిలో నున్నది మనకు పుస్తకమువలన తెలియవలసివచ్చినది. ఈ వ్యాసము చదివిన పిదప ఒబోల స్వరమును గుర్తించువాడు గుర్తించును గాని జ్ఞాపకము చేసికొనడు. తెలివికిని జ్ఞాపకమునకును గల ఈ యెడమును విమర్శ పూడ్పజాలదు. జర్మనీలోనే నేటి సంగీతసభలలో ఈ కృతులను వినువారిలో ఎందఱో మనవంటివారే. కృతి అంతయు మిగిలియుండి, దాని అనురణనము మాత్రము తగ్గుట సాహిత్యమునకును అలవాటైన విపత్తే. శ్లేష తెలియనినాడు వసుచరిత్రయు కథ మాత్రమే యగును.

మాటలున్న స్వరమునుండి మాటలను బాఖ్ బుద్ధిపూర్వకముగా తీసివేయుట మఱియొకచోటను కనబడుచున్నది. అతడు తొలుత రచించిన ఒక కిరియెలో మంద్రకంఠము లితానీలోని కిరియె స్వరమును మోయుచుండ, తారకంఠము దేవుని గొఱ్ఱెపిల్లను సంబోధించు జర్మను ప్రార్థనను దాని సంప్రదాయస్వరముతో పాడును. తర్వాత ఆ రచనను హ్రస్వమిస్సాలలో నొకదానికి వాడుకొనినపుడు, ఆ జర్మను స్వరమును కంఠమునుండి తీసి కొమ్ములకును ఒబోలకును ఇచ్చెను. పాఠమంతయు ఇపుడు గ్రీకు కిరియెయే. వాచ్యముగా నున్నది వ్యంగ్యమైనది. కారణము ఆరాధనావసరమే కావచ్చును. ఫలితము మాత్రము కావ్యఫలితము.

బి మైనరు మిస్సాలోని విశ్వాసప్రమాణభాగము 1748–49 నాటిది. బాఖ్ జీవితపు తుదిరచనలలో నొకటి. లూథరు ఆరాధనలో ప్రమాణపు మొదటి మాటలను ఆచార్యుడు ఒంటరిగా పఠనస్వరమున ఎత్తుకొనును. మిగిలినది ఇతరులు అందుకొందురు. బాఖ్ గ్రహించిన స్వరగతి వొపేలియుస్ గ్రంథమున నున్న రూపమునకు సన్నిహితమైనది. ఆ ఒక్క ఎత్తుగడనే అతడు ఐదు కంఠములకు, రెండు వయొలిన్లకు పంచి ఏడంగముల ఫ్యూగుగా నిర్మించెను. క్రింద బాసువాద్యము ఆగక అడుగులు వేయుచుండును. చివర మంద్రకంఠము అదే స్వరమును రెట్టింపు దీర్ఘముగా పలుకును. ఒక ఆచార్యుని కంఠము ఏడుగురి కంఠమైనది. మాతృభాష కొఱకు అంత వాదించిన లూథరు సంప్రదాయమున పుట్టినవాడు తన తుదికృతికి లాటిను పాఠమును గైకొనుట విరోధముగా తోపవచ్చును. కాని లైప్‌జిగున ఆ లాటిను ఎత్తుగడ పరభాష కాదు. పాఠశాలబాలురు నోటపట్టిన స్వరము. దిద్దకయే తనదైన స్వరము అది.

ప్రమాణభాగము చివర, ఒకే బాప్తిస్మమును ఒప్పుకొనుచున్నామను వాక్యమువద్ద, పఠనగానము మఱల వచ్చును. కంటిన్యువో తప్ప వేఱు వాద్యము లేదు. ఐదు కంఠములు ప్రాచీనశైలిలో తమ ఫ్యూగును తాము అల్లుకొనుచు సగము దూరము పోయిన తర్వాత గాని ఆ స్వరము ప్రవేశింపదు. ముందు మంద్రకంఠమున, దాని వెంబడి పంచమాంతరమున ఆల్టోలో, ఒకదాని నీడ యొకటియైనట్లు అది నడచును. పిమ్మట టెనరు దానినే రెట్టింపు దీర్ఘముగా పాడును. అంతవఱకు స్వతంత్రముగా తోచిన ఫ్యూగు ఈ స్వరమునకు ఆవరణముగా కట్టబడినదని అప్పుడు తెలియును. టెనరు ముగించిన వెంటనే గతి మందగించును. మృతుల పునరుత్థానమును ఎదురుచూచుచున్నామను వాక్యము మొదలగును. శ్రుతి నిలుకడ తప్పును. ఒక్కొక్క మేళనము దారి తెలియనట్లు మఱియొక మేళనములోనికి జాఱును. ఒప్పుకొనుటకు పఠనస్వరము ఆధారముగా నున్నది. ఎదురుచూచుటకు అది లేదు. ఆ కొలది ఆవర్తనములలో ఏ పూర్వగానమును కంఠములకు తోడు రాదు. ఆ వెనుక ట్రంపెట్లతో, భేరులతో అదే వాక్యము మహావేగమున మఱల మొదలగును. దానిలోను పఠనగానపు ఛాయ లేదు.